సంగీతమను మాటకు అర్థము

మన విద్యార్థులు శ్రుతి, లయ, తాళములకు నిర్వచనములు వల్లింతురు గాని, ఆ మాటలు పలుకు చోట్లను గమనింపరు. దేవగిరి యాదవరాజగు సింఘణుని ఆస్థానమున, 13వ శతాబ్దమున, శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. గీతము, వాద్యము, నృత్తము మూడును గూడినదే సంగీతమని ఆయన మతము. చెవికి వినవచ్చునది శ్రుతి. ఒక స్థాయియందు అవి 22. కాలగతి లయ, అది విలంబము, మధ్యము, ద్రుతమని త్రివిధము. ఆ కాలమును కొలుచునది తాళము. అయిదు లఘ్వక్షరముల నుచ్చరించు కాలము మాత్ర.

దేవగిరి సీమను దాటి దిగువకు వచ్చిన గోదావరి ఆదిలాబాదు, కరీంనగరము సీమల నడుమ పారుచున్నది. కరీంనగరము పల్లెలలో కురుమలు మల్లన్న, బీరప్పల ఒగ్గుకథ చెప్పుదురు. ఒగ్గనగా శివుని డమరుకము. కథకుడు పాడగా డోలు మ్రోగును. డోలుతో అడుగు కదలును. ఆదిలాబాదున ప్రధానులు కమానుతో కిక్రి వాయించుచు గోండుల పూర్వగాథలను గానము చేయుదురు. దీపావళి దినములలో దండారి జరుగును; నెమలియీకల తలపాగలతో గుస్సాడీలు ఆడుదురు. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజు 2021లో పద్మశ్రీ పొందెను.

శార్ఙ్గదేవుడు చెప్పిన మూడంగములును ఇచ్చట విడిపోక నిలిచియున్నవి. అయినను మనము వీనిని మోటువిద్య లందుము. పాడువారి కులమును జూచి పాటను తూచుదుము. ఇది సంగీతమను మాటకు అర్థమునే మరచుట గాదా? బిరుదొక్కటి యిచ్చినంత ఈ ఋణము తీరదు. విద్యార్థి నిర్వచనమును గ్రంథమున జదువవలెను. దాని అర్థమును ఒగ్గు ముంగిట కూర్చుండి వినవలెను.