నిజాం గారి నలభై–యాభై

ఖిలా వరంగల్‌లో ఖుష్ మహల్ దర్బారు హాలు చూస్తే పాత రివాజు ఇట్టే తెలిసిపోతుంది. ఏలిక ఎత్తున కూర్చుంటాడు, జనం వచ్చి నిలబడతారు. ఊరేగింపు రోజు మాత్రం ఆయన బయటికొస్తాడు, అప్పుడూ ఏనుగు మీద అంబారీలోనే. వరంగల్‌తో సహా తెలంగాణ అంతటినీ ఏలిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్, 1911లో ఆ అంబారీకి ఇంజను తగిలించే పనిలో పడ్డారు. ఆర్డరు ఇంగ్లండుకు వెళ్లింది.

డెర్బీలోని రోల్స్ రాయిస్ కార్ఖానా ఆ రోజుల్లో కారు మొత్తం కట్టేది కాదు. ఇంజను, ఛాసిస్ తయారుచేసి, పరీక్షించి పంపేది. పైకట్టు పని లండన్‌లోని బార్కర్ కంపెనీది. తరతరాలుగా గుర్రపు బగ్గీలు కట్టిన చేతులు కాబట్టి వాళ్లకు సింహాసనం పెద్ద లెక్క కాదు. వెనక సీటును మిగతా వాటికంటే ఎత్తులో, గద్దెలా అమర్చారు. ఒంటికి పసుపు పూశారు. ఆసఫ్ జాహీ జెండాదీ ఆ రంగే.

ఇక అసలు సరుకు బానెట్ కింద ఉంది. కంపెనీ కాగితాల్లో దాని పేరు 40/50. లోకానికి మాత్రం సిల్వర్ ఘోస్ట్. మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోతపోసిన ఆరు సిలిండర్లు, మొత్తం 7,428 సీసీ. ఇంత చేసి వచ్చే బలం నిమిషానికి 1,250 చుట్ల దగ్గర 48 హార్స్ పవర్ మాత్రమే. మన సందులో తిరిగే చిన్న కారు ఇంజను దీనికి ఆరో వంతు ఉన్నా బలం ఇంతకంటే ఎక్కువే ఇస్తుంది. కానీ చిన్న కారుకు ఆ బలం రావాలంటే ఇంజను వేల చుట్లు గిరగిరా తిరగాలి. ఘోస్ట్‌కు ఆ తొందర లేదు. దాని క్రాంక్ షాఫ్ట్‌ను ఏడు బేరింగులు మోస్తాయి, నూనె ఒత్తిడితో అన్నిటికీ అందుతుంది. అందుకే వణుకూ లేదు, చప్పుడూ లేదు. టాప్ గేర్‌లో వేసి మనిషి నడకంత నెమ్మదిగా పోనిచ్చినా ఆగిపోదు. ఊరేగింపుకు కావలసింది అదేగా! పందేల కారని పొగిడేవాళ్లు ఎందరున్నా, దాని అసలు గొప్పతనం ఈ నిదానమేనని నా అభిప్రాయం.

కదిలించడం మాత్రం ఒక తతంగం. పెట్రోలు కార్బురేటర్ దాకా చేరడానికి డ్రైవరు చేతిపంపుతో ట్యాంకులోకి గాలి కొట్టాలి. స్టీరింగు మీది మీట జరిపి నిప్పురవ్వను కాస్త ఆలస్యం చేయాలి. లేకపోతే హ్యాండిల్ తిప్పేవాడి మణికట్టు విరుగుతుంది. ఒక్కో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు. ఒకదానికి మాగ్నెటో, రెండోదానికి బ్యాటరీ కాయిల్. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఆపడం ఇంకో కథ. ముందు చక్రాలకు బ్రేకులే లేవు. అంత బరువు, అంత ఎత్తున కూర్చున్న ప్రభువు, బ్రేకులు మాత్రం వెనక! డ్రైవరు గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించుకోవచ్చు.

1911 ఆగస్టు 29. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూశారు. కారు ఇంకా రానేలేదు.

కొద్ది రోజులకే, సెప్టెంబరులో, అదే 40/50 జాతి కారు ఒకటి లండన్ నుంచి ఎడిన్‌బరోకు బయల్దేరింది. తోలేది ఎర్నెస్ట్ హైవ్స్, పక్కన రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుడు. పోటీ నేపియర్ కంపెనీతో. నేపియర్ అదే ఏడాది ఆ దారినే గ్యాలనుకు 19.35 మైళ్లు సాధించి సవాలు విసిరింది. హైవ్స్ పోనూ రానూ టాప్ గేర్‌లోనే నడిపి 24.32 మైళ్లు తీశాడు. అంటే మన లెక్కలో లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు. తర్వాత బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద అదే కారు గంటకు 78.26 మైళ్ల వేగం అందుకుంది.

హైదరాబాద్‌లో పసుపు కారు దిగేసరికి గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. లోకంలోకెల్లా ధనవంతుడని పేరు పడినా, రోజువారీ షికారుకు పాత డొక్కు కారే చాలనుకున్న మనిషి. సింహాసనం కారు పండగకీ పబ్బానికీ తప్ప గడప దాటలేదు. ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో కొలువుంది. మొత్తం తిరిగింది 356 మైళ్లేనంటారు. లండన్ నుంచి ఎడిన్‌బరోకు ఒకవైపు దూరమే దాదాపు 400 మైళ్లు.