ఉక్కు పడే శ్రమను పసిగట్టే కాంతి తంతువులు
సెన్సార్‌ను ఎప్పుడు అమర్చారన్నదే కీలకం

హథ్‌ఖోజ్ (భిలాయ్): ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరం చెంతనే హథ్‌ఖోజ్ భారీ పారిశ్రామిక ప్రాంతం ఉంది. ఉక్కును కోసి, వెల్డింగ్ చేసి నిర్మాణ భాగాలుగా మలిచే పని ఇక్కడ జరుగుతుంది. 1955 నాటి భారత్-సోవియట్ ఒప్పందంతో రూపుదిద్దుకున్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. భారతీయ రైల్వేకు 260 మీటర్ల పొడవైన పట్టాలు ఈ కర్మాగారం నుంచే వెళ్తున్నాయి. గేటు దాటిన ఉక్కు దశాబ్దాలపాటు బరువులను, దెబ్బలను, ఎండవానలను భరించాలి. ఆ భారాన్ని అది ఎలా మోస్తున్నదో తెలిపే సాధనాలే వికృతి సెన్సార్లు.

వికృతి అంటే ఏమిటి?

బరువు పడినప్పుడు పొడవులో వచ్చే మార్పును అసలు పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి వికృతి. మీటరు పొడవైన కడ్డీ ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు సాగితే అది ఒక మైక్రోస్ట్రెయిన్. ఉక్కును అంతమేరకు సాగదీయడానికి సుమారు 0.2 మెగాపాస్కల్ ప్రతిబలం కావాలి. 250 మెగాపాస్కల్ శ్రేణి నిర్మాణ ఉక్కు దాదాపు 1,250 మైక్రోస్ట్రెయిన్ల వద్ద శాశ్వతంగా రూపు మారడం మొదలవుతుంది.

కాంతి ఎలా కొలుస్తుంది?

పాత పద్ధతిలో పలుచని లోహపు రేకును ఉక్కుకు అతికించి, అది సాగినప్పుడు విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును కొలుస్తారు. ఆప్టికల్ ఫైబర్‌లో ఆ పని కాంతి చేస్తుంది. అతినీలలోహిత కిరణాలతో ఫైబర్ లోపల సూక్ష్మమైన చారలు ఏర్పరుస్తారు. దీనికి ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అని పేరు. ఇది ఒకే ఒక తరంగదైర్ఘ్యం గల కాంతిని వెనక్కి పంపుతుంది. ఫైబర్ సాగితే చారల మధ్య దూరం పెరిగి, ఆ తరంగదైర్ఘ్యం మారుతుంది. 1,550 నానోమీటర్ల కాంతిలో ఒక మైక్రోస్ట్రెయిన్‌కు ఈ మార్పు సుమారు 1.2 పికోమీటర్లు. ఒకే తంతువుపై అనేక గ్రేటింగ్‌లు ఉంచవచ్చు. విద్యుత్ తీగల అలజడి వీటిని బాధించదు.

ఉష్ణోగ్రత కూడా ఇదే మార్పును కలిగిస్తుంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే తరంగదైర్ఘ్యం దాదాపు 10 పికోమీటర్లు జరుగుతుంది. కాబట్టి బరువు మోయని మరో గ్రేటింగ్‌ను పక్కనే ఉంచి, వేడి ప్రభావాన్ని లెక్క నుంచి తీసివేయాలి. లేకుంటే మధ్యాహ్నపు ఎండను అధిక భారంగా పొరబడే ప్రమాదం ఉంది.

దెబ్బలను గుర్తించేవి

అభిఘాతం క్షణంలో ముగుస్తుంది. దానిని పట్టాలంటే సెకనుకు వేల రీడింగులు అవసరం. ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే పీజోఎలెక్ట్రిక్ స్ఫటికాలు ఇందుకు ఉపయోగపడతాయి. రైలు చక్రం ఒకచోట చదునుగా అరిగితే, తిరిగిన ప్రతిసారీ పట్టాను సుత్తిలా కొడుతుంది. అటువంటి చక్రాలను గుర్తించేందుకు భారతీయ రైల్వే పట్టాలకే సెన్సార్లు అమర్చిన కేంద్రాలను వినియోగిస్తోంది.

అమర్చే సమయమే ముఖ్యం

సెన్సార్ తనను అతికించిన క్షణం నుంచి వచ్చిన మార్పును మాత్రమే చెబుతుంది. వెల్డింగ్ వేడికి ఉక్కులో మిగిలిపోయిన ప్రతిబలం గానీ, వంతెన స్వీయ భారం గానీ దానికి తెలియవు. తయారీ ఆవరణలోనే అమర్చితే రవాణా, ఎత్తివేత, బిగింపు దశలన్నీ నమోదవుతాయి.

అమెరికాలోని మినియాపొలిస్‌లో 2007 ఆగస్టు 1న వంతెన కూలి 13 మంది మరణించారు. 2008లో దాని స్థానంలో తెరిచిన వంతెనలో నిర్మాణ సమయంలోనే ఆప్టికల్ ఫైబర్ రకం సహా వందలాది సెన్సార్లు అమర్చారు. అందుకు భిన్నమైనది తమిళనాడులోని పాత పాంబన్ రైలు వంతెన. 1914లో ప్రారంభమైన ఆ వంతెనకు శతాబ్దం నాటి వయసులో సెన్సార్లు వచ్చాయి. తుప్పుతో బలహీనపడిన దానిపై 2022 డిసెంబరులో రైళ్లను నిలిపివేశారు. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైంది.

సెన్సార్ పగుళ్లను పూడ్చదు, తుప్పును ఆపదు. హెచ్చరిక అందిన వెంటనే రాకపోకలను ఆపే అధికారం ఎవరిదో ముందే నిర్ణయించినప్పుడే అది ప్రాణాలు కాపాడుతుంది. ఆ హెచ్చరికను సరిగా అర్థం చేసుకోవడానికి ఉక్కు తొలినాటి కొలత కూడా చేతిలో ఉండాలి. ఆ కొలత సులభంగా దొరికే చోటు హథ్‌ఖోజ్ వంటి తయారీ ఆవరణలే.