నాగా (గైరుహాజరు)

నాగా అనగా పనికి గాని, బడికి గాని వెళ్ళవలసిన రోజున వెళ్ళకపోవడం. విద్యార్థి బడికి రాకపోతే "నాగా పెట్టాడు" అంటారు. రోజుకూలీలు, పాలవారు, పనిమనుషులు రాని రోజుకు కూడా ఇదే మాట వాడుకలో ఉన్నది.

పద మూలం

ఇది అచ్చ తెలుగు పదం కాదు. పారశీకంలో పని జరగని రోజును, మధ్యలో వచ్చిన ఖాళీని తెలిపే "నాఘ" అనే మాట ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చింది. పామును సూచించే సంస్కృత "నాగ" శబ్దానికి గాని, నాగా సాధువులకు గాని దీనితో సంబంధం లేదు. హాజరుపట్టీలలో వ్రాసే "గైరుహాజరు" కూడా అరబ్బీ నుండి వచ్చినదే. "ఘైర్" అనగా కానిది, "హాజిర్" అనగా ఎదుట ఉన్నది.

అర్థభేదం

బడి ఎగ్గొట్టడం, డుమ్మా కొట్టడం, కళాశాల విద్యార్థులు ఇంగ్లీషు నుండి తెచ్చుకున్న బంకు కొట్టడం దీనికి దగ్గరి మాటలు. అయితే అప్పును కూడా ఎగ్గొడతారు కనుక ఆ మాటలో నింద ఉన్నది. నాగాలో అది లేదు. జ్వరం వచ్చి పడుకున్నా నాగాయే, మామిడితోటకు పోయినా నాగాయే. "ఒక్కరోజైనా నాగా లేకుండా" అనడం మెచ్చుకోలు.

బడిలో నాగా

వీధిబడుల కాలంలో నాగా పెట్టిన పిల్లవానిని పట్టి తెచ్చుటకు పంతులు పెద్ద పిల్లలను పంపేవాడు. దూలానికి కట్టిన తాడు పట్టుకొని వ్రేలాడవలసిన కోదండం అనే శిక్ష పేరు నేటికీ పెద్దల నోట వినిపిస్తుంది.

నాగాలన్నీ ఆట కొరకు కావు. పత్తి తీతకు, మిరపకోతకు పోయే పిల్లలు, చంటిబిడ్డను చూచుకొనుటకు ఇంట నిలిచిపోయే ఆడపిల్లలు ఆయా కాలాలలో వరుసగా నాగా అవుతారు. చదువు మానివేయడం తరచు ఇక్కడే మొదలవుతుంది. హాజరుపట్టీలో మాత్రం ఈ నాగాకూ, మామిడితోట నాగాకూ ఒకటే గుర్తు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి బాలకార్మికులను బడికి చేర్చిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికునిగానే లెక్కించింది. ఆ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. ఎన్ని నాగాలు పెట్టినా ప్రాథమిక విద్య, అనగా ఎనిమిదవ తరగతి, ముగిసే వరకు ఏ విద్యార్థినీ బడి నుండి తొలగించరాదు.