మూసీ వరద కట్టించిన ఇళ్లు

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. సుమారు 15 వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ వరద పేరెత్తగానే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గుర్తొస్తారు. ఆయన సలహాతోనే 1920లో గండిపేట (ఉస్మాన్‌సాగర్), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అయితే జలాశయాలకు దక్కిన పేరు అదే కాలంలో లేచిన ఇళ్లకు దక్కలేదు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఉర్దూలో ‘ఆరాయిష్ బల్దా’, గాలి వెలుతురు లేని ఇరుకు వాడలను తొలగించింది, రోడ్లు వెడల్పు చేసింది, పేదల కోసం తక్కువ అద్దె ఇళ్లు కట్టించింది. రెడ్‌హిల్స్, మల్లేపల్లి వైపు ‘సీఐబీ క్వార్టర్స్’ అన్న పేరు నేటికీ వినిపిస్తుంది. నదిని కట్టడి చేయడం, మనిషికి గూడు చూపించడం ఒకే పనిగా సాగిన అరుదైన కాలమది.

1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు మరో దారి పట్టింది. బస్తీని ఎత్తేయకుండా, అక్కడివాళ్లతో కలిసి ఉన్నచోటే బాగుచేయాలన్నది దాని పద్ధతి. 1981 నుంచి బ్రిటన్ సాయం కూడా తోడై బస్తీలకు సిమెంటు దారులు, మురుగు కాల్వలు, వీధిదీపాలు, కుళాయిలు వచ్చాయి.

నీళ్లు మాత్రం దారి మరచిపోలేదు. 2000 ఆగస్టులో, మళ్లీ 2020 అక్టోబరులో నాలాల వెంట, మూసీ అంచున ఉన్న ఇళ్లే ముందుగా మునిగాయి.

2021లో మలక్‌పేట పిల్లిగుడిసెల్లో గుడిసెల స్థానంలో 288 డబుల్ బెడ్‌రూం ఇళ్లు లేచాయి. ఒక్కోటి 560 చదరపు అడుగులు. 2024లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ నదీగర్భం నుంచి కదిలించిన కుటుంబాల్లో కొన్నిటిని అక్కడికే తరలించారు. ఉన్న ఇల్లు వదలడం ఎవరికైనా కష్టమే. అయినా మలక్‌పేట చాదర్‌ఘాట్‌కు కూతవేటు దూరం. పిల్లల బడి, ఆడవాళ్లు పనిచేసే ఇళ్లు చేజారిపోవు. 2023లో ప్రారంభించిన కొల్లూరు సముదాయంలో ఏకంగా 15,660 ఇళ్లున్నాయి, కానీ అది నగరం చివర, ఔటర్ రింగు రోడ్డు దగ్గర ఉంది. పాతబస్తీలో రోజుకూలీ చేసుకునేవాళ్లకు అంత దూరంలో ఇల్లిస్తే బస్సు చార్జీలకే సగం ప్రాణం పోతుంది. ఎన్ని కట్టారన్న లెక్కతో పాటు ఎక్కడ కట్టారన్నదీ అడగాలి.

ఇప్పుడు వానకు ఎండ తోడైంది. 2023లో తెలంగాణ తెచ్చిన కూల్ రూఫ్ విధానం ప్రకారం ప్రభుత్వ గృహ పథకాల ఇళ్లకు వేడిని తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి. 600 గజాల లోపు స్థలంలోని సొంత ఇళ్లకు మాత్రం అది యజమాని ఇష్టం. బస్తీల్లో రేకుల కింద కాపురముండేవాళ్లంతా ఆ లోపువాళ్లే.