జాలరి మాట - శాస్త్ర నామం

గాలమునకు చిక్కిన చిన్న సొరను చూచి దాని పేరు చెప్పలేని జాలరి విశాఖపట్నం తీరంలో ఉండడు. ఆ మాట శాస్త్ర గ్రంథాలకు ఎక్కిన కథ తెలుసుకొనదగినది.

పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చినాడు. తాను సేకరించిన 200 చేపల వర్ణనలను, చిత్రాలను 1803లో రెండు సంపుటాలుగా ప్రకటించినాడు. అందులో చేపలకు స్థానికుల పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసినాడు. ‘పాల సొర’ అట్టిదే. ఆ పేరు చెప్పి ఎవరైనా రేవులో అదే చేపను మరల సంపాదించవచ్చును గదా!

తమిళంలో ‘సురా’ అన్నా, తెలుగులో ‘సొర’ అన్నా ఒకటే. 1839లో జర్మన్ శాస్త్రజ్ఞులు ముల్లర్, హెన్లేల గ్రంథంలో ఒక సొరకు ‘సొర్రా’ అనే నామం స్థిరపడినది. నేడు అది ‘కార్కరైనస్ సొర్రా’. దాని పొడవు సుమారు 1.6 మీటర్లు, రెక్కల కొనలు నలుపు.

ఇసుకనంటి పడుకొనే బల్లపరుపు చేపల సంగతీ ఇట్టిదే. పిల్ల చేపకు ఇరుప్రక్కల చెరియొక కన్ను ఉంటుంది. పెరిగేకొద్దీ ఒకటి రెండవ ప్రక్కకు జరుగుతుంది. ‘సెట్టోడిస్ ఎరుమెయి’ అనే జాతిలో మాత్రం ఆ కన్ను నెత్తి అంచునే ఆగిపోతుంది. 1801లో వచ్చిన ఈ పేరులోని ‘ఎరుమెయి’ తమిళ మాట; గేదె అని అర్థం.

పండితుల పేర్లు శాస్త్ర నామాలలో చేరుట మామూలే. ఇక్కడ చేరినది జాలరుల మాట. ప్రతి పేరు వెనుకా తరతరాల పరిశీలన ఉన్నది. పేరు మరచితే అదీ పోవును. విద్యార్థులారా, రేవుకు వెళ్ళినప్పుడు చేపల పేర్లు అడిగి వ్రాసికొనండి.