ఏ కలంతో రాస్తారు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో, రోజూ చేసిన పని రాసుకోడానికి మా టీమ్ కోసం ఓ చిన్న షెల్ స్క్రిప్ట్ రాశాను. ఫైల్ తెరిచే చోట నేరుగా ‘వీఐ’ అని పెట్టేశాను. నాకొచ్చిన ఎడిటర్ అదొక్కటే. మర్నాడు కొత్తగా చేరినమ్మాయి వచ్చి, “అన్నా, దీన్లోంచి బయటికెలా రావాలి? విండో మూసేస్తే రాసిందంతా పోయింది” అంది. నేను నవ్వాను. మా సీనియర్ నవ్వలేదు. “ఎవరు ఏ కలంతో రాయాలో చెప్పడానికి నువ్వెవరు? అడగడానికి యునిక్స్‌లో ఓ పద్ధతుంది కదా” అన్నారు.

ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాతెప్పుడో చదివాను.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ‘ఈడీ’ రాశాడు. మన పేపర్లలో కనిపించే ఈడీ కాదు, ఎడిటర్. అప్పుడు వాళ్ళ ముందున్నది తెర కాదు, టెలిటైప్. కొట్టిందంతా కాగితం మీద అచ్చయ్యేది, సెకనుకి సుమారు 10 అక్షరాలు. అందుకే ఈడీ పొదుపరి. తప్పు చేస్తే ఒక్క ప్రశ్నార్థకం చూపించి ఊరుకుంటుంది.

తెరలొచ్చాక, 1976లో బర్క్‌లీలో చదువుకుంటున్న బిల్ జాయ్ వీఐ మొదలుపెట్టాడు. ‘విజువల్’కి కుదింపు అది. పేజీ మొత్తం కళ్ళముందు ఉంటుంది.

1979 నాటి ఏడో ఎడిషన్ యునిక్స్‌లో, స్టీవెన్ బోర్న్ షెల్‌తో పాటు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. ఒక పేరు, దానికో విలువ. ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ షెల్ నుంచి పుట్టే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఓ కాపీ అందుతుంది. పిల్ల ప్రోగ్రామ్ మార్చుకుంటే తల్లికి తెలీదు. అందుకే ఎవరి ఇష్టాన్ని వాళ్ళు తమ ప్రొఫైల్ ఫైల్లో రాసుకోవాలి. స్క్రిప్ట్ దాన్ని చదువుకుంటే చాలు.

ఎడిటర్ సంగతికి మాత్రం రెండు పేర్లు స్థిరపడ్డాయి. వరసకో వరస దిద్దే పాతరకానికి ‘ఎడిటర్’, నిండు తెర రకానికి ‘విజువల్’. కాగితం పోయింది, పేర్లు మిగిలాయి. ఈనాటి గిట్ కూడా తన సొంత సెట్టింగ్స్ తర్వాత విజువల్‌ని, ఆపైన ఎడిటర్‌ని చూస్తుంది. మామూలుగా ఏదీ దొరక్కపోతేనే వీఐ. టెర్మినల్‌కి తెర సత్తా లేదని తెలిస్తే విజువల్‌ని అసలు పట్టించుకోదు. టెలిటైప్ రోజుల జ్ఞాపకం ఇంకా అలా పనిచేస్తూనే ఉంది.

ఆ సాయంత్రమే నా స్క్రిప్ట్‌లో ఆ ఒక్క వరసా మార్చాను. ముందు విజువల్, లేకపోతే ఎడిటర్, రెండూ లేకపోతేనే వీఐ. ఆ అమ్మాయి నానో పెట్టుకుంది. పోయిన నోట్ మాత్రం మళ్ళీ మొదట్నుంచీ రాసుకుంది. నవ్వినందుకు నేను సారీ చెప్పినట్టు గుర్తులేదు.