ఇనుమును పట్టిచ్చే వగరు

పాలు కలపని చిక్కటి టీ డికాక్షన్‌ను చల్లార్చి, అంతే కొలత అనాస రసంలో పోసి కదపకుండా ఉంచండి. ఓ 20 నిమిషాలయ్యాక గ్లాసు మెల్లగా వంచితే అడుగున నల్లటి నలుసులు కనిపిస్తాయి. రసంలోని ఇనుమూ టీలోని టానిన్లూ కలిసి కట్టినవే అవి. టానిన్లంటే మరేం కాదు, టీకీ కరక్కాయకీ వగరు తెచ్చే పదార్థాలు. బడిపిల్లల సైన్సు ప్రదర్శనల్లో కనిపించే ఈ పరీక్ష వయసు దాదాపు రెండు వేల ఏళ్లు.

మొదట్లో దీనితో పట్టుకున్నది కల్తీని. రోమన్ల కాలంలో రాగి చిలుము మందులకూ రంగులకూ పనికొచ్చే సరుకు. వర్తకులు అందులో అన్నభేది కలిపేసేవారు. అన్నభేది ఇనుప లవణం. తోలు నల్లబరచడానికి చెప్పులు కుట్టేవాళ్లు వాడేది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ, తన ‘ప్రకృతి చరిత్ర’లో ఈ మోసానికి విరుగుడు రాసిపెట్టాడు. టానిన్లుండే మాచికాయ కషాయంలో నానబెట్టిన పాపిరస్ మీద ఆ చిలుము పూయాలి. వెంటనే నల్లబడితే కల్తీ సరుకే. మనకు తెలిసినంతలో తొలి పరీక్షా కాగితం ఇదే. అయితే దీన్ని కనిపెట్టింది ప్లినీ అని నేననుకోను. బజారులో మోసపోయిన వాళ్లెవరో ఆయనకంటే ముందే కనిపెట్టి ఉంటారు.

మాచికాయ, అన్నభేది కలిపితే వచ్చే ఆ నలుపే యూరప్‌లో శతాబ్దాల తరబడి సిరా. మన శ్రీకాళహస్తి కలంకారీ నలుపూ ఈ కోవలోదే. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి కసిం అనే ద్రవం తీస్తారు. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద దాన్ని కలంతో గీస్తే ఆ గీత నల్లబడుతుంది. కరక్కాయ పట్టించని బట్ట మీద ఆ నలుపు రాదు.

1685లో రసాయనవేత్త రాబర్ట్ బాయిల్ ఖనిజ జలాల పరిశీలన మీద పుస్తకం వేసేనాటికి, ఊటనీటిలో ఇనుముందా లేదా అన్నది మాచికాయతోనే తేల్చేవారు. తర్వాతి శతాబ్దంలో దీనికి పోటీ వచ్చింది. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో అనుకోకుండా పుట్టిన ప్రష్యన్ నీలం రంగు నుంచి, 1752లో ఫ్రెంచి రసాయనవేత్త మాకేర్ పసుపుపచ్చ లవణం ఒకటి రాబట్టాడు. తుప్పులో ఉండే రకం ఇనుము తగిలితే అది మళ్లీ నీలమవుతుంది. ప్రయోగశాలలు అటు మళ్లాయి.

టీ పరీక్షను మరీ నమ్ముకోకూడదు. ఇనుము ఉందని చెబుతుంది, ఎంతుందో చెప్పదు. డబ్బా రసమైతే ఆ ఇనుము పండుదో డబ్బాదో కూడా తెలియదు. కానీ ఒక్క సంగతి మాత్రం కళ్లకు కట్టి చూపిస్తుంది: టానిన్లకు చిక్కిన ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవాళ్లు వాటిని టీతో మింగకండి. మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుని, టీ కాస్త ఆగి తాగండి.